ఫోల్డరు మీది బొమ్మ

కంప్యూటరు తెరమీద వరుసలు తీరి కూర్చున్న పసుపుపచ్చని ఫోల్డరులను మీలో చాలమంది ప్రతిదినము చూస్తూనే ఉంటారు. కాగితములు పెట్టుకొనే అట్టసంచి ఆకారములో ఉండే ఆ గుర్తు అందరి యింట ఒక్కటే. కొందరు దానితో తృప్తిపడక ఒక్కొక్క ఫోల్డరుకు తమకు నచ్చిన బొమ్మ నొకదానిని తగిలించుకొంటారు. పెండ్లి ఫోటోలకు తాళిబొట్టు, ఇంటి లెక్కలకు రూపాయి, పిల్లవాని చదువు కాగితములకు పలక. ఒకనాడు తెల్లవారి చూచేసరికి ఆ బొమ్మలన్నియు మాయమై, మరల పసుపు సంచులే మిగులుతవి. అట్లా ఎందుకు జరుగుతుందో, పోయిన బొమ్మలను తిరిగి ఎట్లా రప్పించుకోవలెనో ఈ పూట మీతో ముచ్చటిస్తాను. ఇది ప్రసంగము చేయదగినంత విషయమా అని మీరు అడుగవచ్చును. 2025వ సంవత్సరము చివరివరకు నేనును అట్లే అడిగి ఉండేవాడను.

మా చిన్నమ్మ కొండాపూరులో తన కుమారుని యింట ఉంటున్నది. సూర్యాపేట వైపు పల్లెలో పుట్టి, అక్కడనే సంసారము చేసి, భర్త పోయిన తరువాత నగరమునకు వచ్చిన మనిషి. ఆమె చిన్నతనములో కొండాపూరు ఒక ఊరు. 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపూరులో సైబర్ టవర్సు భవనమును ప్రారంభించినారు. మైక్రోసాఫ్టు సంస్థ తన అభివృద్ధి కేంద్రమును హైదరాబాదులో నెలకొల్పినదియు ఆ 1998లోనే. ఆ పిమ్మట బండరాళ్ల నడుమ అద్దాల మేడలు లేచినవి. 2019 మార్చిలో మెట్రో రైలు హైటెక్ సిటీ వరకు, ఆ సంవత్సరము నవంబరులో రాయదుర్గము వరకు వచ్చినది. ఈ మేడలలో ఎవరు పనిచేస్తారో లోకమంతటికి తెలుసును. వారి యిండ్లలో పగటిపూట ఎవరుంటారో అంతగా తెలియదు. పదునాలుగవ అంతస్తులో, తలుపు వేసుకొని, ఊరినుండి వచ్చిన తల్లులు తండ్రులు ఉంటారు.

మా చిన్నమ్మ అయిదవ తరగతి వరకు తెలుగు చదివినది. ఇంగ్లీషు అక్షరములు రావు. కంటిలో పొర తీయించినప్పటినుండి చిన్న అక్షరములు, అవి ఏ భాషవి అయినను, ఆమెకు అలుకుకొని పోయినట్లే కనబడుతవి. ఫోనులో బొమ్మలు మరీ చిన్నవని, మా తమ్ముడు తన పాత కంప్యూటరును హాలులో బల్లమీద పెట్టి, మౌసు ఆడించుట ఆమెకు నేర్పినాడు. పని ఒత్తిడి మనిషి. రాత్రివేళలలో అమెరికావారితో మాట్లాడవలసిన ఉద్యోగము. అయినను రెండు ఆదివారములు కూర్చుండి తల్లికొరకు 23 ఫోల్డరులను సిద్ధపరచి, ఒక్కొక్క దానికి ఒక బొమ్మ పెట్టినాడు. స్తోత్రములకు ఇత్తడి దీపము. మనుమరాలి ఫోటోలకు జడకుచ్చులు. ఊరి ఫోటోలకు పాలపిట్ట. కరెంటు బిల్లులకు బల్బు. అన్నిటికంటె పై వరుసలో మొదటి దానికి ఒక కండ్లజోడు.

ఆ కండ్లజోడు మా చిన్నాయనది. ఆయన బడిపంతులు. పోయేముందు ఏడాదిపాటు, విదేశములో ఉన్న మనుమరాలు తెలుగు మరచిపోతుందని, ప్రతిసాయంకాలము ఫోనులో ఒక పద్యమో, ఒక కథో, ఊరి సంగతియో చెప్పి రికార్డు చేసేవాడు. అవన్నియు ఆ ఫోల్డరులో ఉన్నవి. చిన్నమ్మ మధ్యాహ్నము వంట ముగించుకొని కండ్లజోడును రెండుసార్లు నొక్కుతుంది. ఆయన గొంతు వస్తుంది. ఇది ఆమె దినచర్య.

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కి మైక్రోసాఫ్టు సంస్థ తన సాధారణ మద్దతును ముగించినది. అందుచేత ఆ రోజులలో ఎన్నో యిండ్లలో పాత యంత్రములను మార్చినారు. మా తమ్ముడును క్రొత్త కంప్యూటరు తెచ్చినాడు. పాత దానిలోని సరుకంతయు ఒక విడి డిస్కులోనికి ఎక్కించి, క్రొత్త దానిలోనికి దింపి, డ్యూటీకి వెళ్లిపోయినాడు. మధ్యాహ్నము చిన్నమ్మ తెర ముందు కూర్చున్నది. దీపము లేదు, పాలపిట్ట లేదు, కండ్లజోడు లేదు. 23 పసుపు సంచులు. క్రింద ఆమెకు రాని అక్షరములు. ఆ వరుస కూడ మారిపోయినది.

నాలుగు దినముల తరువాత నాకు ఫోను చేసినది. "బిడ్డా, నా బొమ్మలన్నీ పోయినయి. ఆయన గొంతు ఏ సంచిల వోయిందో దొర్కుతలేదు. వీన్ని అడిగితె ఐతారం చూస్త అంటడు. పాడైందా ఏంది?" అన్నది. ఆ నాలుగు దినములు ఆమె ఆ గొంతు పోయిందనే అనుకొన్నది. కొడుకు అలసిపోయి వస్తాడని గట్టిగా అడుగలేదు.

ఈలోగా మా తమ్ముడు ఒక మరమ్మతు దుకాణములో సలహా అడిగినాడట. అక్కడి యువకుడు, "ఐకానులు కనబడకపోతే విండోస్ పాడైనట్లే, ఫార్మాటు చేసి మరల వేస్తే సరిపోతుంది" అని చెప్పి, పైగా, "బొమ్మ లేకపోతే ఏమి సార్, క్రింద పేరు ఉన్నది కదా" అన్నాడట. ఈ రెండు మాటలను గురించియు నాకు చెప్పవలసినది ఉన్నది.

మొదటి మాట అపాయకరమైనది. ఫార్మాటు అనగా డిస్కును తుడిచివేయుట. తలుపు మీది రంగు వెలసినదని ఇల్లు కూల్చుట వంటిది. మా రేడియో స్టేషనులో వెనుకటి టేపులు అట్టపెట్టెలలో ఉంటవి. పెట్టె వీపున ఒక చీటి; దానిమీద ప్రసంగకర్త పేరు, తేదీ, నిమిషములు. ఎండకాలములో జిగురు ఎండి ఆ చీటీలు రాలిపోతవి. చీటి రాలిన పెట్టెను చూచి క్రొత్తగా వచ్చిన వారు ఖాళీ టేపు అనుకొనుట మేము ఎరుగుదుము. అనుభవము గలవాడు చేయునది ఒక్కటే: ముందు టేపును యంత్రముమీద పెట్టి వింటాడు. చీటి సంగతి తరువాత. కంప్యూటరులోను అంతే. ఫోల్డరు మీది బొమ్మ చీటియే గాని టేపు కాదు. బొమ్మ పోయినంత మాత్రమున లోపలి ఫైలు ఒక్కటియు చెడదు.

అందుచేత ఆదివారము నేను వెళ్లి చేసిన మొదటి పని బొమ్మలను ముట్టుకొనుట కాదు. వెదికే గడిలో నక్షత్రపు గుర్తు, చుక్క, ఆపైన ఎం.పి.3 అని కొట్టినాను. పాటల ఫైలులు, మాటల ఫైలులు అన్నియు ఒక్క జాబితాగా వచ్చినవి. తేదీ ననుసరించి పేర్చి ఒకదానిని నొక్కినాను. మా చిన్నాయన గొంతు సవరించుకొని, మనుమరాలిని పేరుపెట్టి పిలిచి, చెరువు నిండిన సంగతి చెప్పుట మొదలుపెట్టినాడు. చిన్నమ్మ వంటింటినుండి చేయి తుడుచుకొంటూ వచ్చి నిలబడినది. ఆ ఫోల్డరును ఇంకొక పెన్ డ్రైవులోనికి నకలు తీసి, దానిని ఆమె బీరువాలో పెట్టించిన తరువాతనే బొమ్మల మాట ఎత్తినాను. మీరును ఈ క్రమమునే పాటించవలెనని కోరుతున్నాను.

ఇక ఆ యువకుని రెండవ మాట. క్రింద పేరు ఉన్నది కదా! ఉన్నది, చదువగలవారికి. మన దేశములో 1951–52 సంవత్సరములలో తొలి సార్వత్రిక ఎన్నికలు జరిగినప్పుడు నూటికి 18 మందికి మాత్రమే చదువు వచ్చును. సుకుమార్ సేన్ ప్రధాన ఎన్నికల కమిషనరుగా ఆ కార్యమును నడిపించినారు. ప్రతి అభ్యర్థికి ఒక ప్రత్యేకమైన పెట్టె, ఆ పెట్టెకు ఒక గుర్తు. చదువురాని వోటరు లోనికి వెళ్లి, తనకు కావలసిన గుర్తు ఉన్న పెట్టెలో కాగితము వేసి వచ్చినాడు. పెట్టె మీది ఆ బొమ్మను ఎవడైనను ఊడబెరికి, పేరు ఉన్నది కదా అని ఉంటే ఏమయ్యేది? మా చిన్నమ్మ విషయములో జరిగినది సరిగా అదియే. చదువుకొన్నవారికి బొమ్మ ఒక సింగారము. చదువలేని వారికి, చూపు తగ్గిన వారికి అదియే పేరు.

తెరమీద బొమ్మలు పెట్టవలెనన్న ఊహ మనకంటె ముందు యంత్రములు చేసినవారికే కలిగినది. 1981లో జీరాక్సు సంస్థ 'స్టార్' అనే కంప్యూటరును అమ్మకమునకు తెచ్చినది. కార్యాలయపు బల్ల, కాగితము, ఫోల్డరు, సొరుగు, వచ్చిన టపా బుట్ట, పోవలసిన టపా బుట్ట – ఇవన్నియు చిన్న చిత్రములై దాని తెరమీదికి ఎక్కినవి. 1984లో వచ్చిన ఆపిల్ వారి మాకింటోషుకు సుసాన్ కేర్ అనే చిత్రకారిణి గుర్తులు గీసినది. ఆమె వాటిని గళ్ల కాగితముమీద అడ్డము 32, నిలువు 32 గడులలో, ఒక్కొక్క గడి నింపుతూ గీసినదట. ఈ సంగతి చెప్పగా మా చిన్నమ్మ, "అంటె చుక్కల ముగ్గే గదా" అన్నది. నాకు అంతకంటె మంచి వివరణము తోచలేదు. సంక్రాంతినాడు వాకిట ఎన్ని చుక్కలు పెడితే ముగ్గులో అంత వివరము వచ్చినట్లే, ఐకానుకు ఎన్ని గడులుంటే అంత స్పష్టత. ఇప్పటి విండోస్ ఐకాను ఫైలులో 16, 32, 48, 256 గడుల ముగ్గులు ఒక్క చోటనే ఇమిడి ఉండవచ్చును. తెరమీద ఏ పరిమాణము అవసరమో దానిని యంత్రము ఎన్నుకొంటుంది.

ఇప్పుడు అసలు మరమ్మతు. మనము ఒక ఫోల్డరుకు బొమ్మ పెట్టినప్పుడు, విండోస్ ఆ బొమ్మను ఫోల్డరుమీద ముద్రవేయదు. ఫోల్డరు లోపల ఒక చిన్న చీటి వ్రాసి పెడుతుంది. ఆ చీటి పేరు డెస్క్‌టాప్ డాట్ ఐ.ఎన్.ఐ. అది దాచబడిన ఫైలు కనుక మామూలుగా కనబడదు. దానిలో మొదటి పంక్తి, చదరపు కుండలీకరణముల నడుమ ఒక చుక్క, ఆ చుక్కను ఆనుకొని షెల్‌క్లాస్‌ఇన్‌ఫో అనే మాట. రెండవ పంక్తిలో ఐకాన్‌రిసోర్స్ అనే మాట, సమానపు గుర్తు, బొమ్మ ఫైలు ఎక్కడ ఉన్నదో ఆ దారి, ఒక కామా, ఒక అంకె. ఒకే ఫైలులో అనేకమైన బొమ్మలు ఉండవచ్చును గనుక ఆ అంకె ఎన్నవ బొమ్మయో తెలుపుతుంది. లెక్క సున్నతో మొదలవుతుంది. అనగా చీటిలో ఉన్నది బొమ్మ కాదు, బొమ్మ చిరునామా.

చిరునామా మారితే ఉత్తరము చేరదు. మా తమ్ముని పాత కంప్యూటరులో బొమ్మలన్నియు డి డ్రైవులో ఉండేవి. క్రొత్త కంప్యూటరులో డి డ్రైవే లేదు. బొమ్మలు సి డ్రైవులో ఒక మూల భద్రముగానే ఉన్నవి. చీటీలు మాత్రము ఇంకను డి డ్రైవునే చూపిస్తున్నవి. 23 ఫోల్డరులలో అధికభాగమునకు పట్టిన జబ్బు ఇదియే. విడి డిస్కులలో బొమ్మలు పెట్టుకొనే వారికి ఇది తరచుగా వస్తుంది. ఈ రోజు ఇ అక్షరముతో పలికిన డిస్కు రేపు ఎఫ్ అని పలుకుతుంది.

చీటి చూడవలెనంటే ఫైల్ ఎక్స్‌ప్లోరరులో వ్యూ, దానిలో షో, దానిలో హిడెన్ ఐటెమ్స్ అనునది నొక్కవలెను. అయినను కనబడకపోతే, ఆప్షన్సు లోపల వ్యూ అనే భాగములో, రక్షిత సిస్టము ఫైలులను దాచుము అనే అర్థము గల గడిలోని టిక్కును తీయవలెను. పని ముగిసిన వెంటనే ఆ టిక్కును తిరిగి పెట్టుట మరువరాదు. ఎందుకంటే ఆ దాచిన ఫైలులు బయటపడగానే డెస్క్‌టాపు మీద వెలవెలబోయిన చక్రముల గుర్తుతో ఈ చీటీలు కనబడుతవి. వాటిని వైరస్ అనుకొని తుడిచివేసే ఉత్సాహవంతులు ప్రతి యింట ఒకరుంటారు. చీటి తుడిస్తే బొమ్మ పోతుంది.

మా తమ్ముడు బొమ్మలన్నిటిని క్రొత్త యంత్రములో ఒక ఫోల్డరులో చేర్చి, దానికి తల్లిమీది ప్రేమతో 'బొమ్మలు' అని తెలుగులో పేరు పెట్టినాడు. నేను నోట్‌పాడులో చీటి తెరచి క్రొత్త దారిని వ్రాసి భద్రపరచినాను. బొమ్మ రాలేదు. అక్షరము తప్పినదేమో అని నాలుగుసార్లు చూచినాను. చివరకు సంగతి తట్టినది. ఈ ఐ.ఎన్.ఐ. చీటీల పద్ధతి చాల పాతది. ఇంగ్లీషు కాని అక్షరములు ఉంటే చీటి యూనికోడులో, అందును యుటిఎఫ్-16 అనే తీరులో ఉంటేనే అది వాటిని సరిగా చదువుతుంది. 2019నుండి నోట్‌పాడు మామూలుగా భద్రపరచునది యుటిఎఫ్-8 అనే వేరొక తీరులో. ఆ తీరులో వ్రాసిన 'బొమ్మలు' అనే మాట ఆ చీటి చదివేవానికి పిచ్చిగీతల వలె కనబడుతుంది. సేవ్ యాజ్ అని, ఎన్‌కోడింగ్ అనే చోట యుటిఎఫ్-16 ఎల్.ఇ. ఎన్నుకొని భద్రపరచగానే దీపము వెలిగినది. అనగా స్తోత్రముల ఫోల్డరుమీద ఇత్తడి దీపము వచ్చి నిలిచినది. విండోస్ ఎక్స్‌పి కాలమున, 2001లోనే, తెలుగు కొరకు గౌతమి అనే అక్షరరూపము వచ్చినది. విండోస్ 7తో వాణి వచ్చినది. తెరమీద తెలుగు కనబడుటలో ఇప్పుడు లోటు లేదు. ఇటువంటి చీకటి మూలలలో మాత్రము తెలుగు ఇంకను గుమ్మము బయట నిలబడి ఉన్నది. ఇన్ని వేలమంది తెలుగువారు యంత్రపు పని చేస్తున్న ఊరిలో కూర్చుండి ఈ మాట చెప్పవలసి వచ్చినందుకు కొంచెము చిన్నతనముగా ఉన్నది.

దీనికి సులువైన ఉపాయము ఒకటి ఉన్నది. బొమ్మ ఫైలును ఎక్కడనో దూరమున ఉంచక, ఆ ఫోల్డరు లోపలనే, చీటి ప్రక్కనే ఉంచవలెను. దానికి ఇంగ్లీషు అక్షరములలో పొట్టి పేరు పెట్టి, చీటిలో దారి ఏమియు వ్రాయక ఆ పేరు, కామా, సున్న మాత్రమే వ్రాయవలెను. అప్పుడు ఫోల్డరు ఏ డ్రైవుకు వెళ్లినను, ఏ యింటికి వెళ్లినను బొమ్మ వెంట వస్తుంది. ఫోల్డరు పేరును మనము నిశ్చింతగా తెలుగులో పెట్టుకొనవచ్చును. నేను 23 ఫోల్డరులను ఈ పద్ధతికే మార్చినాను. మధ్యాహ్నపు భోజనము సాయంకాలమునకు జరిగినది, అది వేరే సంగతి.

మూడు ఫోల్డరులు మాత్రము దీనికిని లొంగలేదు. చీటి ఉన్నది, బొమ్మ ఉన్నది, దారి సరియైనది. అయినను పసుపు సంచియే. ఇక్కడ ఇంకొక రహస్యము ఉన్నది. విండోస్ ప్రతి ఫోల్డరులోను చీటి ఉన్నదా అని వెదకదు. అట్లా వెదికితే ఆలస్యము. ఫోల్డరుకు రీడ్-ఓన్లీ అనే లక్షణమో, సిస్టమ్ అనే లక్షణమో ఉంటేనే తెరచి చూస్తుంది. రీడ్-ఓన్లీ అనగా చదువుటకు మాత్రమే అని అర్థము గదా; కాని ఫోల్డరు విషయములో ఆ అర్థము లేదు. దానిలో మనము వ్రాయవచ్చును, తీయవచ్చును. అది కేవలము 'లోపల చీటి ఉన్నది, చూడు' అనే సైగ మాత్రమే. ప్రాపర్టీసులో ఆ గడి చతురముగా నిండి ఉండుట చూచి, తీసివేయ ప్రయత్నించి విసిగినవారు మీలో ఉండవచ్చును, దానిని వదలివేయండి. ఆ మూడు ఫోల్డరులను మా తమ్ముడు జిప్పు చేసి వేరు మార్గమున తెచ్చినాడు. దారిలో ఆ సైగ జారిపోయినది. కమాండ్ ప్రాంప్టు అనే నల్లని గవాక్షము తెరచి, ఆట్రిబ్ అని, కొంత ఎడము విడిచి, ప్లస్ గుర్తుతో ఆర్ అక్షరము, మరల ఎడము విడిచి, ఫోల్డరు దారిని జంట ఉద్ధరణ చిహ్నముల నడుమ వ్రాసి ఎంటర్ నొక్కినాను. మూడింటికి బొమ్మలు వచ్చినవి.

ఇదంతయు ఎందుకు, చీటి జోలికి పోకుండ దారి లేదా అంటారా? ఉన్నది. ఫోల్డరుమీద మౌసు కుడి మీట నొక్కి, ప్రాపర్టీస్, దానిలో కస్టమైజ్, అడుగున ఛేంజ్ ఐకాన్. బ్రౌజ్ నొక్కి బొమ్మను చూపించి ఓకే అంటే విండోసే చీటి వ్రాస్తుంది, సైగ కూడ తానే పెడుతుంది. ఒకటి రెండు ఫోల్డరులకు ఇది చాలును. అయితే ఆ పెట్టెలోనే రిస్టోర్ డిఫాల్ట్స్ అనే మీట ఒకటి ఉన్నది. రిస్టోర్ అనగా తిరిగి ఇచ్చుట అని తెలిసినవారు, పోయిన తమ బొమ్మను తిరిగి ఇస్తుందని ఆశపడి దానిని నొక్కుతారు. అది తిరిగి ఇచ్చునది పసుపు సంచిని. ఆ మీటను ముట్టుకొనకండి.

అన్నియు సరిగా ఉండియు బొమ్మ రాకున్నను, ఒక దాని బొమ్మ ఇంకొక దానిమీద కనబడినను, తప్పు ఫోల్డరులో లేదు. వేగము కొరకు విండోస్ తాను ఒకసారి చూచిన ఐకానుల నకళ్లను ఒక చోట దాచుకొంటుంది. ఆ నకలు పాతబడిన దన్నమాట. యంత్రమును ఒకసారి ఆపి మరల వేయుట మొదటి వైద్యము. విండోస్ మీటను, ఆర్ అక్షరమును కలిపి నొక్కి, ఐ.ఇ.4యు.ఇనిట్ డాట్ ఇ.ఎక్స్.ఇ. అని కలిపి వ్రాసి, ఎడము విడిచి, చిన్న అడ్డగీతతో షో అని ఎంటర్ నొక్కుట రెండవ వైద్యము. పేరు వికారముగా ఉన్నది గాని పని చేస్తుంది. మాకింటోషు వాడేవారికి ఈ చీటీల బాధ లేదు. ఫోల్డరుమీద గెట్ ఇన్‌ఫో తెరచి, పై మూలనున్న చిన్న బొమ్మను నొక్కి, క్రొత్త చిత్రమును అతికిస్తే చాలును.

సాయంకాలమునకు 22 బొమ్మలు వచ్చినవి. రానిది కండ్లజోడు. ఎంత వెదికినను ఆ బొమ్మ ఫైలు ఎక్కడను లేదు. పాత కంప్యూటరును అప్పటికే తుడిచి ఎవరికో ఇచ్చివేసినారు. మా తమ్ముడు, "కండ్లజోడు బొమ్మలకేమి, వంద దొరుకుతవి" అని ఇంటర్నెట్టులో ఒకటి తీసి చూపించినాడు. నల్లని, క్రొత్త, నిగనిగలాడే జోడు. చిన్నమ్మ చూచి ఏమియు అనలేదు. లోపలికి వెళ్లి బీరువా తెరచి, గుడ్డసంచిలోనుండి ఒక జోడు తెచ్చి బల్లమీద పెట్టినది. గోధుమరంగు ఫ్రేము, కుడి కొమ్మ విరిగితే ఆయనే తెల్లదారము చుట్టి కట్టుకొన్నది.

దానిని కిటికీ దగ్గర తెల్లకాగితముమీద పెట్టి ఫోనుతో ఫోటో తీసినాము. ఫోటో పేరు చివర జె.పి.జి. తీసి ఐ.సి.ఓ. అని మార్చినంత మాత్రమున అది ఐకాను కాదు. ఈ పొరపాటు మా తమ్ముడే చేసినాడు, సాఫ్ట్‌వేరు ఉద్యోగి అయి ఉండియు. గింప్ అనే ఉచితమైన చిత్రముల సాధనములో దానిని చదరముగా కత్తిరించి, నాలుగు పరిమాణములలో ఐకానుగా ఎగుమతి చేసినాము. ఫోల్డరులో పెట్టినాము. వచ్చినది.

చిన్నమ్మ అద్దములు సరిచేసుకొని తెర దగ్గరగా వంగి చూచినది. "దారం కనబడతలేదు బిడ్డా" అన్నది.

చిన్న ముగ్గులో దారమునకు చోటు లేదు. వ్యూ అనే చోట ఎక్స్‌ట్రా లార్జ్ ఐకాన్స్ అనునది నొక్కినాను. 23 బొమ్మలు ఒక్కసారిగా పెరిగి తెర నిండ పరచుకొన్నవి. పై వరుసలో మొదటిది, కుడి కొమ్మకు నాలుగు చుట్ల తెల్లదారముతో.

"ఇట్లనే ఉండనియ్యి" అన్నది.